రెండు హిట్ల శనివారాలు

మా అమ్మాయికి ఆరేళ్లు నిండి ఏడో ఏడు నడుస్తున్న రోజుల్లో ఎవరో బడికి వచ్చి పిల్లలందరి చేతా బేస్‌బాల్ ఆడించారు. నడుము ఎత్తున్న రబ్బరు కర్ర మీద బంతి పెట్టి, దాన్ని బ్యాటుతో కొట్టమన్నారట. మా పిల్ల కొట్టిన బంతి కంచె దాటి పక్కింటి నిమ్మచెట్టులో పడిందట. ఆ సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, తనకి బేస్‌బాల్ కావాలని చెప్పింది.

మా ఆయన మొహం కాస్త వాడింది. పిల్ల పుట్టకముందే చిన్న క్రికెట్ బ్యాటు కొని గరాజ్‌లో దాచిన మనిషి ఆయన. కానీ ఆయనకి ఏ దిగులూ రెండు రోజులకి మించి ఉండదు. మూడో రోజుకల్లా పిల్లకి సరిపోయే తోలు గ్లవ్ ఎక్కడ దొరుకుతుందో ఫోన్‌లో వెతుకుతూ కనిపించాడు. మిగతా పని, అంటే అసలు పని, నేను నెత్తికెత్తుకున్నాను.

మేముండేది న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ పడమటి కొసన హెండర్సన్‌లో. ఇక్కడి పిల్లలకి రగ్బీ, నెట్‌బాల్, క్రికెట్ కొల్లలుగా దొరుకుతాయి. బేస్‌బాల్ అంటే మాత్రం సగం మంది సాఫ్ట్‌బాల్ అనుకుని దారి చూపిస్తారు. ఆరా తీయగా తీయగా మాకు అందుబాటులో చిన్న పిల్లల లీగులు రెండు తేలాయి. ఒకటి మా ఇంటికి పది నిమిషాల దూరంలో, ఇంకొకటి నార్త్ షోర్ వైపు, మోటార్‌వే మీద అరగంట.

నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఎదుటివాళ్లు చేసిన దాంట్లో తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. కాబట్టి ఎక్సెల్ షీటు తెరిచాను. దూరం, కోచ్ అనుభవం, వారానికి ఎన్ని ప్రాక్టీసులు, స్కోరు రాస్తారా రాయరా, అక్కడ ఆడిన పిల్లల్లో పెద్ద జట్లకి వెళ్లినవాళ్లు ఎంతమంది. ఆ చివరి గడి చూసి మా ఆయన, "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస" అన్నాడు. మా ఊళ్లో జూనియర్ కాలేజీ వెతికేటప్పుడు అడిగే ప్రశ్నలే నేను అడిగాను. వేరే ప్రశ్నలు నాకు తెలియవు.

దగ్గరి క్లబ్బుకి ఫోన్ చేస్తే ఒకావిడ గిన్నెలు కడుగుతూ మాట్లాడింది. శనివారం తీసుకురండి, బ్యాట్లూ హెల్మెట్లూ మా దగ్గరే ఉంటాయి, టోపీ, నీళ్ల సీసా తెస్తే చాలు అంది. కోచ్ అర్హతలు అడిగాను. ఈ ఏడాది ఒక పిల్లాడి తండ్రి, ప్లంబరు, నేర్పుతున్నాడని, వచ్చే ఏడాది బహుశా మీరే నేర్పచ్చని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. స్కోరు సంగతి అడిగితే, ఈ వయసు పిల్లలకి లెక్కపెట్టమని, అందరూ కొడతారని, అందరూ మైదానం మూలల్లోని బేసులన్నీ చుట్టి వస్తారని, తర్వాత కమలాపండ్లు తింటారని చెప్పింది. గెలిచిందెవరో తెలియకుండా ఆట ఎలా ముగుస్తుందని అడిగాను. పిల్లలు అలిసిపోయినప్పుడు ముగుస్తుంది అంది. ఫోన్ పెట్టేసి ఆ క్లబ్బు వరస మొత్తం ఎర్రరంగు చేసేశాను.

నార్త్ షోర్ వాళ్లు ఈమెయిల్‌కి ఈమెయిల్‌తో జవాబిచ్చారు. అటాచ్‌మెంట్లు పెట్టారు. కోచ్‌కి పదేళ్ల అనుభవం. ఏడేళ్ల లోపు పిల్లలు అక్కడా రబ్బరు కర్ర మీది బంతినే కొడతారు కానీ, తొమ్మిదేళ్ల లోపు జట్టులో కోచ్ బంతి విసురుతుంది, స్కోరు పుస్తకం రాస్తారు. నాకు కావలసింది కనిపించింది. మా అమ్మాయి వయసుకి చిన్నదే అయినా చురుకైనదనీ, పై జట్టులో వేయమనీ రాశాను. ఒకసారి తీసుకురండి చూద్దాం అన్నారు. ఆ రోజు కోచ్ మెల్లగా విసిరిన బంతుల్లో రెండింటిని మా పిల్ల తగిలించింది. తనకి ఇష్టమైతే సరే, ఆడనిద్దాం అంది కోచ్. పిల్ల నా వైపు చూసింది. ఇష్టమేనని నేను చెప్పాను.

దీని వెనక మా ఇంటి కథ ఒకటుంది. నేను మూడో తరగతి చదవలేదు. రెండు నుంచి తిన్నగా నాలుగులో వేశారు. లెక్కల మాస్టారైన మా నాన్న ఈ డబుల్ ప్రమోషన్ సంగతి పెళ్లిచూపుల్లో కూడా చెప్పాడు. మా ఆయన ఇప్పటికీ నాకు ఏదైనా తెలియకపోతే, అది మూడో తరగతి పాఠం అయ్యుంటుందిలే అని ఏడిపిస్తాడు. కాబట్టి ఆ రోజు పార్కింగ్ స్థలం నుంచే కాకినాడలో ఉన్న నాన్నకి మెసేజ్ పెట్టాను, మనవరాలికి కూడా డబుల్ ప్రమోషన్ అని. నాన్న దాన్ని చుట్టాల గ్రూపులో పెట్టాడు. అభినందనలు వచ్చాయి. సగం మంది బేస్‌బాల్‌ని బాస్కెట్‌బాల్ అనుకుని అభినందించారు.

శనివారాలు మొదలయ్యాయి. ఇక్కడ నేను చేసిన పని మావాళ్లు మాత్రమే చేయగలరు. పిల్లని మైదానం అంచున దింపి, కోచ్‌కి నమస్కారం లాంటి చిరునవ్వు ఒకటి నవ్వి, కారులోకి వచ్చి కూర్చునేదాన్ని. ట్యూషన్‌కి పంపితే అంతే కదా. పాఠం జరుగుతుంటే తల్లి గుమ్మంలో నిలబడితే మాస్టారికి చిరాకు, పిల్లకి చదువు సాగదు. అది నా దృష్టిలో మర్యాద. అద్దాల్లోంచి మిగతా తల్లిదండ్రులు కనిపించేవాళ్లు. గమ్‌బూట్లేసుకుని బంతులు ఏరడం, హెల్మెట్లు బిగించడం, గట్టిగా అరవడం. వీళ్లకి పనీపాటా లేదా, పిల్లల్ని కాసేపు వదలరా అనుకుంటూ లాప్‌టాప్ తెరుచుకునేదాన్ని.

ఆట అయ్యాక పిల్ల వచ్చి వెనక సీట్లో కూర్చునేది. బెల్టు పెట్టుకునేలోపే నా ప్రశ్న సిద్ధంగా ఉండేది. ఈరోజు ఎన్ని హిట్లు. రెండు అనేది. ఒక వారం మూడు అంది. ఒక వారం ఒకటే అని దిగాలుగా చెప్పింది, పోనీలే వచ్చేవారం కొడతావని నేనే ఓదార్చాను. ఆ అంకె వెంటనే నాన్నకి వెళ్లిపోయేది. ఆయన నాలుగింటికే లేచే మనిషి. కాఫీ తాగుతూ మనవరాలి స్కోరు చూసుకోవడం ఆయనకి అలవాటైపోయింది.

నెల దాటాక శనివారం పొద్దున్న పిల్లకి కడుపునొప్పి రావడం మొదలైంది. వాము నమిలించాను. ముందు రోజు పిజ్జా మానిపించాను. ఆదివారానికి నొప్పి దానంతటదే పోయేది. రెండు వారాలు చూసి మా ఆయన, పిల్లకి ఆ ఆట పడటం లేదేమో ఒకసారి కనుక్కోమన్నాడు. వారం వారం రెండు హిట్లు కొడుతున్న పిల్లకి పడకపోవడమేమిటని నేను లేచాను. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? అది అడిగిందా నిన్ను ఈ స్కోర్లు?" అన్నాడాయన. మా ఇంట్లో ఆయన గొంతు పెరగడం అరుదు. అయినా నేను పట్టించుకోలేదు. నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు.

ఏడో శనివారం కారు అద్దం మీద ఎవరో కొట్టారు. కోచ్. ఎత్తుగా, ఎండకి కమిలిన ముక్కుతో, మెడలో విజిల్‌తో ఉంటుందావిడ. స్కోరు రాసే తల్లికి ఒంట్లో బాగాలేదట, ఈరోజుకి మీరు రాస్తారా అని అడిగింది. ఆఫీసు పని ఉందని చెప్పబోయి, స్కోరు పుస్తకం అనేసరికి ఆగిపోయాను. ఆ పుస్తకం కోసమే కదా వారం వారం అరగంట డ్రైవ్ చేస్తున్నది.

గొడుగు కింద మడతబల్ల, దాని మీద పుస్తకం. రాయడం తేలికే. పిల్లల పేర్లు వరుసగా ఉంటాయి, పక్కన గడులు. బ్యాటుతో కొట్టి బేస్ చేరితే అది హిట్, గడిలో నిలువు గీత. ఆరు బంతుల్లోనూ తగలకపోయినా, అవుటైనా సున్నా. వంతు వదులుకుంటే చుక్క. ఇదంతా చెప్పి కోచ్ మైదానంలోకి వెళ్లిపోయింది. ఆట ఇంకా మొదలుకాలేదు కాబట్టి, చూసి మురిసిపోదామని వెనక పేజీలు తిప్పాను.

మా అమ్మాయి వరసలో ఒక్క గీత కూడా లేదు. మొదటి వారం సున్నాలు. రెండో వారం సున్నాలు. ఆ తర్వాత అన్నీ చుక్కలు. నేను వేరే పిల్ల వరస చూస్తున్నానేమోనని స్కేలు పెట్టి మరీ చూశాను. పేరు మా పిల్లదే.

కోచ్ నీళ్లు తాగడానికి ఇటు వచ్చినప్పుడు ఆ చుక్కల మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఆశ్చర్యంగా నన్ను చూసింది. రెండో వారం బంతి భుజానికి తగిలినప్పటి నుంచి భయపడుతోందని, తన వంతు వచ్చినప్పుడల్లా కడుపునొప్పి అంటుందని, బలవంతం చేయడం ఇష్టంలేక బంతులు అందించే పని ఇస్తున్నానని చెప్పింది. "మీకు తెలుసనుకున్నాను. మీతో మాట్లాడనా అని అడిగితే, మా అమ్మకి చెప్పాను, అమ్మ సరేనంది అని చెప్పింది మీ పాప" అంది.

నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. ఆరేళ్ల పిల్ల నాకూ, కోచ్‌కీ, కాకినాడ దాకా అబద్ధం చెప్పింది. అదీ ఒక వారం మూడు, ఒక వారం ఒకటి అని అంకెలు మార్చి మార్చి, అనుమానం రాకుండా. టెస్టర్‌ననుకునే నేను నమ్మాను. ఇంటికెళ్లాక ఏమనాలో మాటలు కూడా పేర్చుకున్నాను.

అప్పుడే పిల్ల నన్ను చూసింది. బంతుల బుట్ట పట్టుకుని వస్తూ, గొడుగు కింద నన్నూ, నా ముందున్న పుస్తకాన్నీ చూసి ఆగిపోయింది. తన వంతు వచ్చినప్పుడు ఆ రోజు కడుపునొప్పి అనలేదు. కళ్లమీదకి జారే హెల్మెట్ పెట్టుకుని వెళ్లి నిలబడింది. కోచ్ ఎంత మెల్లగా విసిరినా, బంతి బయల్దేరగానే పిల్ల కాలు వెనక్కి పడుతోంది, కళ్లు మూసుకుంటోంది. ఒక్కో బంతి దాటిపోగానే కళ్లు తెరిచి కోచ్ వైపు కాదు, నా వైపు చూస్తోంది. ఆరు బంతులూ అలాగే అయ్యాయి. ఆ గడిలో సున్నా నా చేత్తోనే వేశాను. అప్పటికి నా కోపం ఎటు పోయిందో తెలియదు.

తిరుగుదారిలో మోటార్‌వే ఎక్కాం. మా పిల్లకి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడేది ఇంగ్లీషే. మాటలు తడుముకునేటప్పుడు మాత్రం రెండూ కలిపేస్తుంది. వెనక సీట్లోంచి చిన్న గొంతుతో అడిగింది.

"అమ్మా, తాతయ్యకి టెల్ చేస్తావా?"

తర్వాతి ఎగ్జిట్ దగ్గర దిగి, మూలనున్న డెయిరీ, అంటే ఇక్కడి చిల్లరకొట్టు, ముందు కారు ఆపాను. లోపలికి వెళ్లి ఐస్ బ్లాక్, మన పుల్ల ఐసు లాంటిది, ఒకటి కొనిచ్చి, నేనూ వెనక సీట్లోనే పక్కన కూర్చున్నాను. అది చప్పరిస్తూ కూర్చుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ముప్ఫై ఏళ్లుగా మా అమ్మకి గానీ, మా ఆయనకి గానీ చెప్పని సంగతి అది.

నాలుగో తరగతిలో నాకు భాగహారాలు రాలేదు. మూడో తరగతిలో నేర్పేవి నాలుగులో ఎవరు నేర్పుతారు. పక్కన కూర్చున్నవాళ్లందరూ నాకంటే పెద్దవాళ్లు, ఎవరూ ఆటకి పిలిచేవాళ్లు కాదు. స్లిప్ టెస్టుల్లో ఇరవైకి నాలుగో, ఐదో వచ్చేవి. నాన్నకి పదహారు అని చెప్పేదాన్ని. కాగితాల మీద నాన్న సంతకం నేనే పెట్టుకుని, మడిచి, పాత చెప్పుల డబ్బా అడుగున దాచేదాన్ని. ఆ ఏడాదంతా ఆ డబ్బాకి కాపలా కాశాను. బడి కంటే ఆ డబ్బా అంటేనే ఎక్కువ భయపడ్డాను.

పిల్ల ఐస్ బ్లాక్ తినడం ఆపింది. తాతయ్య తిట్టాడా అని అడిగింది. తాతయ్యకి ఇప్పటికీ తెలియదని చెప్పాను. "అయితే నువ్వు ఫస్ట్ టెల్ చేయి, తర్వాత నాది చెప్పు" అంది.

నలభై దగ్గరపడిన మనిషిని, ఇద్దరు జూనియర్లకి పని చెప్పేదాన్ని, ఆ ఫోన్ చేయడానికి ఎంత జంకానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అక్కడ తెల్లవారుజాము. నాన్న ఎత్తగానే స్కోరెంత అన్నాడు. స్పీకర్ పెట్టి, ముందు నా సంగతి చెప్పాను. స్లిప్ టెస్టులు, సంతకాలు, డబ్బా. తర్వాత పిల్ల సంగతి చెప్పాను. ఇప్పటిదాకా పంపిన అంకెలేవీ నిజం కావని, దాన్ని చిన్న పిల్లల జట్టులోకి దించేస్తున్నానని చెప్పాను.

"ఆ సంతకాలు నీవేనని నాకు తెలుసమ్మా. మీ టీచరు బజార్లో ఆపి మరీ చెప్పింది. పిల్ల బెదిరిపోతోంది, మూడులో వేద్దాం మాస్టారూ అంది" అన్నాడు నాన్న. "అప్పటికే ఊరంతా చెప్పేసుకున్నాను. వెనక్కి వేస్తే నలుగురూ ఏమనుకుంటారోనని ఊరుకున్నాను."

మా నాన్న మంచివాడు. నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. అయినా ఆ నిమిషంలో ఆయన మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. తెలిసి కూడా ఏడాదంతా నన్ను ఆ డబ్బా పక్కన వదిలేశాడు. కోపంగా ఏదో అనబోతుంటే, పక్కనున్న పిల్ల ఫోన్ మీదకి వంగి, తాతయ్యకి సారీ చెప్పింది. ఎందుకమ్మా, నాది కదా తప్పు అన్నాడు ఆయన. ఆ మాట పిల్లకి అన్నాడో నాకు అన్నాడో అడగలేదు. ఇద్దరికీ అనే అనుకుంటున్నాను.

సోమవారం దగ్గరి క్లబ్బుకి ఫోన్ చేశాను. మళ్లీ ఆవిడే, మళ్లీ గిన్నెల చప్పుడే. సీజన్ మధ్యలో చేర్చుకుంటారా అని నసిగాను. శనివారం తీసుకురండి, టోపీ, నీళ్ల సీసా అంది. కోచ్ అర్హతలు అడగలేదు. ఆవిడే, మీరేం చేస్తారు, బంతులు ఏరతారా, కమలాపండ్లు కోస్తారా అని అడిగింది. కోస్తానన్నాను.

మొదటి శనివారం పిల్ల రబ్బరు కర్ర మీది బంతిని కూడా కళ్లు మూసుకునే కొట్టింది. కర్ర పడిపోయింది, బంతి పడిపోయింది. ప్లంబరు కోచ్ రెండింటినీ లేపి మళ్లీ పెట్టాడు. రెండో వారం కళ్లు తెరిచింది. నేను పండ్లు కోస్తూ అన్నీ చూశాను. ఆట సంగతి నాకు తెలిసిపోతూనే ఉంది. తెలియనిదల్లా ఒకటే. నేను చూడని రోజు ఏం జరిగితే అది నాకు చెబుతుందా అన్నది. హిట్లు కొట్టకపోతే పోనీ. ఇప్పుడు హిట్లనే దాచిన పిల్ల, పదహారేళ్లప్పుడు ఇంకేం దాచుకుంటుందో అన్న భయం నన్ను పట్టుకుంది. కారులో ఏదీ అడగకుండా ఉండటానికి పళ్లు బిగబట్టుకునేదాన్ని. అది కూడా ఏమీ చెప్పేది కాదు. కిటికీలోంచి బయటికి చూసేది. ఆ మౌనం నా సంపాదనే అనుకుని డ్రైవ్ చేసేదాన్ని.

అలా నాలుగు వారాలు గడిచాయి. ఐదో శనివారం ఆఫీసులో కొత్త వెర్షన్ విడుదల ఉండి నేను కదలడానికి లేకపోయింది. మా ఆయన తీసుకెళ్లాడు. ఒంటిగంటకి తిరిగొచ్చారు. పెరుగన్నం కలిపి పెట్టాను. ఆయన ఏదో చెప్పబోతే కళ్లతోనే ఆపాను. పిల్ల నాలుగు ముద్దలు తిని, ప్లేటులోకి చూస్తూ, ఈరోజు నాలుగుసార్లు మిస్ అయ్యానని ఇంగ్లీషులో చెప్పింది. ఊఁ అన్నాను. ఆవకాయ బద్ద పక్కకి నెట్టి, ఇంకో ముద్ద తింది.

"కొంచెం క్రై చేశాను కూడా" అంది. "డాడీకి తెలీదు. హెల్మెట్ ఉంది కదా."

మా ఆయన తినడం ఆపి దాని వైపు చూశాడు. నిజంగానే ఆయనకి తెలియదు. నేను పెరుగు గిన్నె దాని వైపు జరిపాను. పిల్ల ఏడ్చిందని విని ఏ తల్లీ అంత సంతోషపడి ఉండదు.